పెట్టెలో పొత్రం

“గా పెట్టె ఇంట్ల వెట్టుకుంటే మనింట్ల ఎవలో ఒకలు పోకుంట ఉంటరా?”

అండాలు ఈ మాట అడిగేనాటికి ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. కొడుకు హరీశ్ స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కుంటున్నాడు. కోడలు లత నిన్నటి అన్నానికి పోపు పెడుతోంది. మొగుడు కట్టయ్య గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే పెళ్లాన్ని ఒకసారి చూసి, రెండో చెంపకు సబ్బు పట్టించాడు. పెళ్లయిన నాటి నుంచి ఇలాంటి ప్రశ్నలకు ఆయన చెప్పే జవాబు అదే.

అండాలు ఏడో తరగతి దాకా చదువుకుంది. అందువల్ల పేపరు చదవగలదు. పేపరు చదవగలదు కాబట్టి ఎక్కడెక్కడ ఏయే ప్రమాదాలు జరిగాయో ఆమెకు తెలుసు. గ్యాస్ సిలిండర్, రైల్వే గేటు, వానకు తడిసిన స్తంభం, పరాయి ఊరి నీళ్లు, అన్నిటి మీదా ఆమెకు ఒక అభిప్రాయం ఉంది. కానీ ఏకంగా చావు పెట్టెనే తెచ్చి ఇంటి ముందు పెట్టుకున్న వాళ్ల గురించి ఏ పేపర్లోనూ రాలేదు.

పెట్టె జనగామ చేదోడు సేవా క్లబ్బుది. ఆ క్లబ్బు వాళ్లు ఎండాకాలం చలివేంద్రం పెడతారు, వానాకాలం మొక్కలు నాటుతారు, చలికాలం దుప్పట్లు పంచుతారు. ఏది చేసినా ముందు బ్యానర్ కడతారు, ఫోటో దిగుతారు, వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఆ తర్వాత పని మొదలుపెడతారు. పని మాత్రం నిజంగానే చేస్తారు. అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఈ ఫ్రీజర్. ఊళ్లో ఎవరైనా పోతే, సూరత్ నుంచో భీవండి నుంచో కొడుకులు వచ్చేదాకా శవం చెడకుండా ఉంచే పెట్టె. పైన అద్దం మూత. ఎవరింటికైనా ఊరికే ఇస్తారు. భూపాలపల్లి క్లబ్బుకు ఇలాంటివి రెండున్నాయని మీటింగులో తెలిసిన దగ్గర్నుంచి ప్రెసిడెంట్ విద్యాసాగర్‌కు ఉన్న ఒక్కటి తక్కువగా కనిపిస్తోంది.

మామూలుగా అది విద్యాసాగర్ ఎరువుల దుకాణం గోదాములో ఉండేది. ఈ మధ్య చల్లబడటం మానేసింది. హరీశ్ క్లబ్బులో అందరికంటే చిన్నవాడు, పైగా ఫ్రిజ్‌లు బాగుచేసే పని. తన రేకుల షెడ్డులోకి తెచ్చుకుని ఒక్క పూటలో బాగుచేశాడు. అప్పటికి గోదాము నిండా యూరియా బస్తాలు దిగాయి. ఈ సీజన్ అయ్యేదాకా జర నీ దగ్గరే ఉండనీయమన్నాడు విద్యాసాగర్. ఆయన భార్య కౌసల్య అండాలుకు ఫోన్ చేసి, ఇది మహా పుణ్యమని, అందరికీ దొరికేది కాదని చెప్పింది. అంత పుణ్యాన్ని మీ మూడంతస్తుల ఇంట్లోనే పెట్టుకోరాదా అని అండాలు నోటి దాకా వచ్చింది. “సరే అక్కా” అని ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో లతకు నెలలు నిండుతున్నాయి. మూఢం పోగానే మహబూబాబాద్‌లో తల్లిగారింటికి తీసుకుపోవాలి. అండాలు భయమంతా అక్కడే ఉంది. లోకంలో ఎవరికి ఏమైనా సరే, ఆ పిల్ల కడుపులో బిడ్డకు ఏమీ కాకూడదు. పెట్టె మీద తాడిపత్రి పట్టా కప్పించింది. లతను వెనక తలుపు నుంచే తిరగమంది. లతకు ఆ షెడ్డులోనే గాలి తగులుతుంది. ఒకనాడు కుర్చీ వేసుకుని, వాచిన కాళ్లు పెట్టె మీద చాపి తల్లితో ఫోన్ మాట్లాడుతుంటే అండాలు చూసింది. ఆ పూట అన్నం తినలేదు.

అది ఫ్రిజ్ లాంటిదేనమ్మా, ఒట్టి మిషను అని హరీశ్ నచ్చజెప్పబోయాడు. ఫ్రిజ్‌ను ఎవరూ ఖాళీగా ఉంచరు, ఏదో ఒకటి పెడతారు, ఇదే ఖాళీగా ఉందని ఆమె అంది. అన్నాక ఆ మాట ఆమెనే పట్టుకుంది. ఖాళీ తొట్లెను ఊపొద్దని చిన్నప్పుడు అందరూ చెప్పారు. ఖాళీ తొట్లెకే అంత పట్టింపు ఉంటే, ఖాళీ చావు పెట్టె ఊరికే ఉంటుందా? అది ఎవరో ఒకరి కోసం చూస్తూనే ఉంటుంది.

తొట్లె సంగతి అండాలుకు బాగా తెలుసు. పురుడు నాడు తొట్లెలో ముందుగా బిడ్డను వేయరు. సన్నికల్లు మీద పచ్చడి నూరే పొత్రాన్ని బట్టలో చుట్టి, బొట్టు పెట్టి, బిడ్డలాగే పడుకోబెడతారు. వచ్చే కీడేదో రాయి చూసుకుంటుంది. బిడ్డ ఆ తర్వాత, రాయి పడుకున్న చోట పడుకుంటుంది. తొట్లెకు పనికొచ్చిన ఉపాయం పెట్టెకు మాత్రం ఎందుకు పనికిరాదు?

ఒక మధ్యాహ్నం లత నిద్రపోతుంటే అండాలు పొత్రం కడిగింది. హరీశ్ పసిపిల్లవాడప్పటి మెత్తటి పాతగుడ్డలో, ముఖం అనుకున్న కొస బయటికి కనబడేలా చుట్టింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, దిష్టి తగలకుండా చెంప అనుకున్న చోట కాటుక చుక్క కూడా పెట్టింది. తాడిపత్రి తీసి, అద్దం మూత లేపి, పెట్టె నడుమ పడుకోబెట్టింది. మళ్లీ అన్నీ ఎప్పట్లా కప్పేసింది. ఇక ఆ పెట్టె ఖాళీ కాదు. ఎవరి కోసమూ చూడాల్సిన పని దానికి లేదు. పొత్రం ఏదని లత అడిగితే గంట్లు కొట్టించడానికి ఇచ్చానంది. పెట్టె కోసం ఎవరైనా ఫోన్ చేస్తే ఇంట్లో అందరికంటే ముందు తన చెవినే పడుతుంది కాబట్టి, అప్పుడు తీసేయొచ్చనుకుంది.

ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆమె ఇంట్లో లేదు. మూఢం ఎప్పుడు పోతుందో కనుక్కోవడానికి అయ్యగారి దగ్గరికి పోయింది. తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. లింగాల ఘనపూర్‌లో సోమవ్వ అనే ముసలవ్వ పోయిందని, తొంభై దాటిన మనిషని, హరీశ్, ట్రాలీ ఆటో ధర్మేందర్ కలిసి పెట్టెను ఎత్తుకుపోయారని లత చెప్పింది. పీడ పోయిందని అండాలు షెడ్డంతా నీళ్లు కొట్టి కడిగింది. ముగ్గు కూడా వేసింది. ముగ్గు చివరి గీత గీస్తుండగా లోపల్నుంచి లత, పచ్చడి నూరాలి, పొత్రం ఇంకా రాలేదా అని కేకేసింది.

అండాలు చేతిలో ముగ్గు చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడే లత ఫోన్ మోగింది. క్లబ్బు మహిళా విభాగంలో ఆమె కూడా ఉంది. విద్యాసాగర్ గ్రూపులో ఫోటో పెట్టాడు. నారింజ రంగు జాకెట్లలో నలుగురు మనుషులు, వెనక బ్యానర్, ముందు అప్పుడే తాడిపత్రి తీసిన పెట్టె. ‘దుఃఖంలో తోడుగా చేదోడు’ అని రాసి ఉంది. కింద వరసగా దండాలు. ఒకాయన మాత్రం, ‘అయ్యో, చిన్న పాపనా?’ అని అడిగాడు.

లత ఫోటోను రెండు వేళ్లతో పెద్దగా చేసింది. అద్దం కింద తెల్లటి మూట, కాటుక చుక్కతో సహా కనిపించింది. అత్త వైపు చూసింది.

“అత్తమ్మా, గిది మన పొత్రం గాదా?”

అండాలు ఉన్నదంతా చెప్పింది. వింటూ వింటూ లత కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నొప్పులు మొదలయ్యాయని అండాలు కట్టయ్యను కేకేసింది. నొప్పులు కావు, నవ్వు. ఆ నవ్వు ఇంకో మెసేజ్ వచ్చేదాకే ఉంది. అందులో పసుపు కుంకుమ పెట్టిన రాయి దొరికిందట, ఎవరో ఏదో చేసిన్రని ఊరోళ్లు అంటున్నరు అని రాసి ఉంది. ఆ ‘చేసిన్రు’ అంటే ఏమిటో విడమర్చి చెప్పే అవసరం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చేతబడి అనుమానంతో మనుషుల్ని కట్టేసి కొట్టిన వార్తలు అండాలు చదివినవే. హరీశ్ ఫోన్ ఎత్తలేదు. ధర్మేందర్ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

“అత్తమ్మా, గిది మంచిగ లేదు. జల్ది పోండ్రి” అంది లత. ఆ పిల్ల నోటి నుంచి భయపడ్డ మాట వినడం అండాలుకు అదే మొదలు.

కట్టయ్య మోపెడ్ తీశాడు. దారి పొడుగునా అండాలుకు కొడుకును స్తంభానికి కట్టేసినట్టే కనిపించింది. ఊరు దగ్గరపడ్డాక అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ఆ రాయి బిడ్డకు బదులు పడుకున్న రాయి. బిడ్డకంటే ముందు తొట్లెలో పడుకోవాల్సింది. ఇప్పుడది చావు పెట్టెలో చావింటికి పోయింది. పంపింది తనే. ఈ సంగతి కట్టయ్యకు చెబుదామనుకుంది. చెబితే నిజమైపోతుందేమోనని ఊరుకుంది.

సోమవ్వ ఇంటి ముందు షామియానా వేశారు. వాకిట్లో మంచం మీద ముసలామె శవం ఉంది. కాస్త దూరంగా పెట్టె, దాని మీద విప్పిన గుడ్డ, గుడ్డలో పొత్రం. ఎవరూ హరీశ్‌ను కట్టేయలేదు. పెట్టె పక్కనే నిలబెట్టారు. విద్యాసాగర్ బ్యానర్‌ను చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. సోమవ్వ మనుమడు సంజయ్ గొంతు పెంచకుండానే ఒకటే మాట మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు, ఎవరు పెట్టారని. హరీశ్ తనకు తెల్వదంటున్నాడు. ఆ గుడ్డ ఎవరిదో వాడికి తెలుసు. చెబితే ఈ జనం తల్లిని ఏమంటారో కూడా తెలుసు.

అండాలు జనాన్ని తోసుకుని పెట్టె దగ్గరికి పోయింది.

“నేనే వెట్టిన” అంది. “నా కొడుక్కు తెల్వదు. మంత్రం గాదు, తంత్రం గాదు. మా కోడలికి నెలలు నిండినయ్. ఖాళీ పెట్టె ఇంట్ల ఉంటే బుగులైంది. తొట్లెల వెట్టినట్టు పొత్రం వెట్టిన. గంతే.”

వెనక ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. ఆటో నడిపి వచ్చిన అలసటంతా ఇప్పుడే గుర్తొచ్చినట్టు ధర్మేందర్ కింద చతికిలబడ్డాడు. అమ్మా, నీకో దండం, అని హరీశ్ మెల్లగా అన్నాడు. సంజయ్ ఇప్పుడు కోపం చేయాలో వద్దో తెలియక మంచం తలాపున కూర్చున్న నర్సమ్మ వైపు చూశాడు.

నర్సమ్మ పోయినామెకు చెల్లెలు. మొగుడు పోయినప్పటి నుంచి అక్క దగ్గరే ఉంటోంది. పొద్దున అక్క లేవలేదని తెలిసిన దగ్గర్నుంచి చాయ్ ముట్టలేదు, ఒక్కరితోనూ మాట్లాడలేదు. పెట్టె వెనక్కి పంపమంటవా చిన్నవ్వా అని సంజయ్ అడిగాడు. ఆమె లేచి వచ్చి పొత్రాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. కాటుక చుక్కను చూసింది.

“ఎన్నో నెల?” అంది.

“తొమ్మిది వడ్డది అవ్వా.”

“మా అక్క ఎన్నడు ఒక్కతి పండుకోలే, బిడ్డా” అంది నర్సమ్మ. “చిన్నప్పుడు నేను పక్కకుంటి. పెండ్లైనంక పిల్లలు. ముసల్దైనంక మల్ల నేనే. గీ అద్దాల డబ్బల ఒక్కదాన్నే ఎట్ల పండవెట్టాలె అని పొద్దటి సంది సూస్తున్న. సూరత్ నుంచి కొడుకు వచ్చేసరికి రేపైతది. గప్పటిదాంక గీ పసిదాన్ని దాని పక్కకు ఉండనిస్తవా?”

అందరూ అండాలు వైపు తిరిగారు. అడగడమే తప్ప ఒకరికి జవాబు చెప్పే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. రాయి తీసుకుని మోపెడ్ ఎక్కితే అయిపోతుంది. ఇంటికి పోయి కడిగి, మళ్లీ పసుపు రాసి, జరిగింది జరగలేదనుకోవచ్చు. ఇక్కడ వదిలితే, శవం పక్కన, చల్లటి పెట్టెలో, ఒక పగలూ రాత్రీ. లత ముఖం కళ్ల ముందు మెదిలింది. లోపలున్న బిడ్డకు ఇంకా ముఖం లేదు, ఈ రాయికున్న చుక్క తప్ప.

షామియానా అవతల పిల్లలు అప్పుడే పోగయ్యారు. నిండు నూరేళ్లకు దగ్గరపడి పోయినోళ్లను మోసుకుపోయేటప్పుడు చిల్లర చల్లుతారు. ఆ బిళ్ల పసిపిల్లల మొలతాడుకు కడితే ఆయుష్షు అని, ఏరుకోవడానికి తల్లులే పంపుతారు. హరీశ్ పసితనంలో అండాలు కూడా ఒక శవయాత్రలో తోసుకుని, మోకాలు కొట్టుకుని, ఒక బిళ్ల ఏరింది. ఆ మోకాలు ఇప్పటికీ చలికి నొస్తుంది.

నర్సమ్మ పొత్రాన్ని గుండెకు ఆనించుకుని అలాగే నిలబడి ఉంది. ఎంతసేపైనా నిలబడేలా ఉంది. హరీశ్ ఏదో అనబోతే ధర్మేందర్ కూర్చున్నచోటి నుంచే వాడి కాలు గిల్లాడు. విద్యాసాగర్ చేతిలోని సగం బ్యానర్ గాలికి ఒకసారి టపటపలాడి ఊరుకుంది. కట్టయ్య మోపెడ్ ఆపి వచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు. ఆమె ఏమంటుందోనని ఆయన ఎదురుచూడటం కూడా అదే మొదలు.

అండాలు గుడ్డ తీసుకుంది. దులిపింది. మడత విప్పి, మళ్లీ మడిచి, నర్సమ్మ చేతుల్లోని రాయి మీద కప్పింది.

“ఉండనీ అవ్వా” అంది. “లోపల జర సలి వెడ్తది. బట్ట మంచిగ సుట్టుండ్రి.”