చెంబెడు పసుపు నీళ్లు

బండి సీటు కింది కంట్రోలర్ పెట్టె మూత తీయగానే నాకు ఒళ్లు మండింది. బోర్డు మీద పసుపు అట్ట కట్టి ఉంది. ముప్పై ఏళ్లుగా అమీర్‌పేటలో రిపేర్లు చేస్తున్నాను. టీవీల్లో బొద్దింకలు చూశాను, ఇన్వర్టర్లలో బల్లిగుడ్లు చూశాను. పసుపు చూడటం మాత్రం ఇదే మొదలు.

"ఎవరు పోసిన్రు నీళ్లు?" అన్నాను.

మధులత తల వంచుకుంది. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పడిపోయిన మనిషి. మా సందు చివర కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ నేర్పుతుంది. ఈ మూడు చక్రాల బ్యాటరీ స్కూటర్ కొనుక్కుని ఆర్నెల్లు కాలేదు. అది కదలకపోయేసరికి వాళ్లమ్మ రుద్రమ్మ కూతుర్ని దాని మీదే కూర్చోబెట్టి బల్కంపేట నుంచి తోసుకొచ్చింది.

"నేనే పోసిన," అంది రుద్రమ్మ, ఏ మాత్రం జంకకుండా. "అమ్మవారి తానికి పొయ్యే బండాయె. కడగకుంట, బొట్టు పెట్టకుంట ఎట్ల పంపుత?"

"కడుగమ్మా, ఎవరొద్దన్నరు? సీటు మీద కుండతోని కుమ్మరిస్తరా? దీని మెదడు సీటు కిందనే ఉంటది."

"నాకేమెర్క? మా ఎడ్లబండిని సుత గట్లనే కడుగుతుంటిమి."

ఇంకో రెండు మాటలు అనబోయాను. మధులత ఆపింది.

"ఆదివారం అమ్మవారికి బోనం, సురేందరన్నా. ఇన్నేండ్లు ఆ కుండ మా వదిన నెత్తిన ఎత్తుకునేది. నేను ఎనక ఆటోల పోతుంటి. ఈసారి నేనే ఎత్తుకుంట అని మొక్కిన. ఒక చెయ్యి బోనానికి, ఒక చెయ్యి బండికి." తన పాదాల వంక చూసుకుని, "ఎత్తినోళ్ల కాళ్లకే నీళ్లు పోస్తరు కదన్నా. నా కాళ్లకు ఇంతవరకు ఎవ్వరు పొయ్యలే," అంది.

నేను మీటర్ అందుకున్నాను. పంజగుట్టలో బండి అమ్మినవాళ్లు పెట్టె మొత్తం మార్చాలన్నారట, కొత్తది రావడానికి నెల పడుతుందట. మార్చడం ఎవడికైనా వస్తుంది. బాగుచేయడం నాకు వస్తుంది. అప్పటికి గురువారం.

మోటారుకు కరెంటు వదిలే ట్రాన్సిస్టర్లు నాలుగు వరసగా ఉన్నాయి. ఒకటి నల్లగా మాడి పగిలిపోయింది. మిగతా మూడింటికీ మీటర్ పెట్టి చూశాను, బాగానే ఉన్నాయి. బోర్డు శుభ్రం చేసి, మాడినదాన్ని పీకి, కొత్తది అతికాను. బండి కదిలింది. రుద్రమ్మ చేతులెత్తి నాకే మొక్కింది. నేను మీసం సర్దుకున్నాను.

"జర ఆగన్నా," అంది మధులత. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోయించుకుని, నెత్తిన పెట్టుకుని, ఎడమచేత్తో పట్టుకుంది. కుడి బొటనవేలితో బండి మీట నొక్కింది. బండి ఒక్కసారిగా ముందుకు దూకి, టక్కున ఆగింది. గ్లాసులో నీళ్లన్నీ ఆమె ముఖం మీదే.

"కొత్త పార్టు పడ్డది గద, రెండు రోజులు గట్లనే ఉంటది," అన్నాను. అబద్ధం.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "బోనం మీద దీపముంటదన్నా," అంది నెమ్మదిగా.

సిగ్గుతో చచ్చిపోయాను. కోపం కూడా వచ్చింది, ఈసారి నా మీదే. నలుగురు మోసే మంచానికి ముగ్గురు అలసినవాళ్లనీ ఒక కొత్తవాణ్ణీ పెట్టినట్టుంది నేను చేసిన పని. మీటర్‌కి బాగున్నట్టు కనిపించినా, ఒకటి మాడినప్పుడు ఆ దెబ్బ మిగతావీ తిని ఉంటాయి. ఇలాంటివి మారిస్తే నాలుగూ కలిపే మార్చాలి. ఇది నేనే పది మందికి నేర్పాను. తొందరలో, పొగరులో, నేనే మరిచాను.

"తప్పు నాదే," అన్నాను. నా నోట ఆ మాట విన్నవాళ్లు తక్కువ. "బండి ఈడ్నే ఉండనియ్యి. శనివారం సాయంత్రం రా."

ఒకే రకానివి, ఒకే ప్యాకెట్లోంచి తీసినవి నాలుగు తెచ్చి వేశాను. బ్యాటరీకీ పెట్టెకీ మధ్య ఒక బల్బు కట్టి స్విచ్ వేశాను. లోపల ఇంకా షార్టు ఉంటే బల్బు వెలుగుతూనే ఉంటుంది. మిణుక్కుమని ఆరిపోయింది. సగం పని అయింది. మిగతా సగం నీళ్లది. సైకిల్ ట్యూబు కోసి మూత చుట్టూ అంచు వేశాను, వైర్లు దూరే చోట్ల గమ్ము నింపాను. ఆరాక, తిట్టినవాణ్ణి నేనే, చెంబెడు నీళ్లు దాని నెత్తిన పోశాను. మూత తీసి వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.

శనివారం ఆమె నిండు గ్లాసుతో సందు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. చుక్క ఒలకలేదు.

నేను గుళ్ల చుట్టూ తిరిగే మనిషిని కాను. అయినా ఆదివారం పొద్దున్నే వెళ్లి బల్కంపేట రోడ్డు పక్కన నిలబడ్డాను. డప్పుల వెనక వచ్చింది మధులత. నెత్తిన వేపాకుల బోనం, పైన దీపం. రోడ్డు ఎత్తెక్కే చోట జనం అడ్డొస్తే ఆగింది, మళ్లీ కదిలింది. దీపం కొద్దిగా వంగి నిలబడింది. నా పక్కనున్న మనిషెవరో తెలియదు గానీ, "గా బండి నేను చేసిన," అని చెప్పేశాను.

రోడ్డు పక్క ఆడవాళ్లు బోనమెత్తిన ప్రతి ఒక్కరి కాళ్లకూ నీళ్లు పోస్తున్నారు. మధులత ముందుకొచ్చి ఆగింది. చెంబు పట్టుకున్నామె బండిని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కరెంటు బండాయె. నీళ్లు పోస్తే ఖరాబైతదేమో," అంది.

మధులత కళ్లు కిందికి వాలిపోవడం నాకు కనిపించింది. జనాన్ని తోసుకుని వెళ్లి ఆ ఆడమనిషి చేతిలోంచి చెంబు తీసుకున్నాను.

"ఏం గాదు. ఎన్ని బిందెలన్న పొయ్యిన్రి," అని, మధులత పాదాల మీద పసుపు నీళ్లు నిండుగా పోశాను. పాదాల మీంచి బండి మీదికి, సీటు కిందికి పారాయి. ఆమె మీట నొక్కింది. బండి కుదుపు లేకుండా కదిలింది.

నా వెనక ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ముందుకొచ్చారు.