చుక్క నీరు రాని బూట్లు

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే బూట్ల ఊపిరి వినపడేది. ముసుగుతన్ని పడుకున్న పిల్లల్లా, అరల నిండా కొండబూట్లు మెల్లగా గాలి పీల్చి వదులుతుండేవి. మంచి తోలు ఊపిరి పీలుస్తుందని ఊళ్లో అందరికీ తెలిసిందే. కొనేవాళ్లు బూటును చెవికి ఆనించుకుని, విని మరీ కొనేవారు.

బూట్లు కుట్టేవాడు ఏళ్ల తరబడి గోరువెచ్చని మైనాన్ని అరచేత్తో పల్చగా రుద్దేవాడు. వాన నీరు బయటే ఆగేది, తోలు ఊపిరి మాత్రం ఆగేది కాదు. ఆ ఏడు ఎదురుకొట్టువాడు తన బూట్లను నీళ్లతొట్టిలో నిలబెట్టి, సాయంత్రం తీసి, లోపల తడవలేదని జనానికి చూపించాడు. ఇతనికి కన్నుకుట్టింది. ఒక జతకు పూత మీద పూత వార్నిష్ వేసి తనూ తొట్టిలో పెట్టాడు. చుక్క నీరు రాలేదు. జనం భేష్ అన్నారు.

"ఊపిరి వినపడట్లేదేంటండీ?" అంది భార్య.

"కొత్తవి కదా, సిగ్గుపడుతున్నాయి."

ఆ జతను ఆమె తమ్ముడే తీసుకున్నాడు. మనుషుల్ని మంచుకొండ ఎక్కించి దించడం అతని పని.

"వినవేంట్రా?" అంది అక్క.

"బావ కుట్టినవాటికి పరీక్షేంటక్కా? పెళ్లిచూపులా?" అని నవ్వాడు.

బావ నోరు విప్పలేదు. తప్పు జరిగింది పూత వేసినప్పుడు కాదు, అప్పుడు.

కొండ మీంచి అతన్ని మోసుకొచ్చారు. బయటి మంచు లోపలికి రాలేదు. లోపలి చెమట బయటికి పోలేక పాదాలకే గడ్డకట్టింది. కాలివేళ్లు తీసేయాల్సి వచ్చింది.

మంచం పక్కన తల వంచుకు కూర్చున్న బావను అతనే ఓదార్చాడు. "చుక్క నీరు రాలేదు బావా, నీ పనిలో వంక లేదు. విననిది నేనే కదా."

తిట్టినా బాగుండేది.

"నాకు తెలుసురా," అన్నాడు బావ. "అవి ఊపిరి పీల్చట్లేదని నీకిచ్చేటప్పుడే తెలుసు."

అక్క చేతిలోని గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు బావ ఎదురుకొట్టువాడు చూస్తుండగానే గుమ్మంలో కూర్చుని ఆ జత మీది వార్నిష్ గీకాడు. గోళ్లు చిట్లాయి. సాయంత్రానికి ఎడమ బూటు దగ్గినట్టుగా ఒక్కసారి గాలి పీల్చింది. కుడిది ఎంత గీకినా లేవలేదు.

బావమరిది ఇప్పుడు కొండ ఎక్కడు. అక్క అతనికి కొట్టు గుమ్మంలో పీట వేసింది. కొత్త జత ఏదైనా ముందు అతని చెవి దగ్గరికే వెళ్లాలి. అతను "ఊఁ" అంటేనే అరకెక్కుతుంది.

అతను వింటున్నంతసేపూ బావ ఊపిరి బిగబట్టి, ఆ పాదాల వంక చూడలేక, నిలబడే ఉంటాడు.