రాశికి ఎడమవైపు

నవంబరు మూడు, సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మిర్యాలగూడ రవాణా ఆఫీసు ట్రాక్ మీద ఇంద్రజ బండి మీది నుంచి ఎడమ కాలు కింద పెట్టింది. ఎనిమిది అంకెలో ఒక సున్నా అయింది. రెండోది సగంలో ఉంది. కాలు నేలకు తగిలితే పరీక్ష పోయినట్టే. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద గీత గీశాడు.

"కుడికి మంచిగనే తిప్పుతున్నవమ్మా. ఎడమకు ఎన్నడన్న తిప్పినవా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇది రెండోసారి. సెప్టెంబరులో వచ్చినప్పుడు మొదటి సున్నా కూడా దాటలేదు. ఆ లెక్కన కొంత ముందుకు వచ్చినట్టే. లర్నింగ్ లైసెన్స్ గడువు మాత్రం ఈ నెల పందొమ్మిదితో అయిపోతుంది. మళ్లీ పరీక్షకు పద్నాలుగో తారీఖు దొరికింది.

గోడ నీడలో నిలబడ్డ భర్త గోపాల్ బండి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. "బడిల ఎనిమిది రాసినవ్ గదనే. బండి మీద రాయరాదా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఇంద్రజ కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని తమ ఊరు నిడమనూరు దారి పొడవునా ఆలోచించింది. ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకుని భర్త వెనక కూర్చుంది.

ఆమె పెళ్లికి ముందు కోదాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. సర్టిఫికెట్ పన్నెండేళ్లుగా బీరువాలో చీరల కింద ఉంది. ఏప్రిల్లో, అప్పటి క్లాస్‌మేట్ ద్వారా మిర్యాలగూడ ల్యాబ్ నడిపే శోభారాణి ఫోన్ నంబరు దొరికింది. ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తెచ్చే పని. బండి నడపాలి, లైసెన్స్ ఉండాలి. "డిసెంబరు ఒకటి దాకా ఆగుతానండీ ఇంద్రజ గారూ. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు," అని శోభారాణి పోయిన వారమే చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ ప్రశ్నకు జవాబు రైస్ మిల్లుల దగ్గర దొరికింది. ధాన్యం లారీల వెనక గోపాల్ బండి ఆపాడు. ఎడమకు ఎన్నడూ తిప్పలేదని ఇంద్రజకు అప్పుడు తెలిసింది.

బండి నేర్చుకున్నది ఇంటి వెనక కల్లంలో. పొద్దున గోపాల్ పాలకేంద్రం నుంచి వచ్చి పొలానికి పోయేలోపు ఇరవై అయిదు నిమిషాలు బండి ఖాళీగా ఉంటుంది. అతనికి టీ పెట్టి, అత్తమ్మకు గ్లాసు అందించేసరికి అందులో పద్దెనిమిది మిగులుతాయి. ఆమెకున్నవి అవే. మే నెలలో మొదలుపెట్టినప్పుడు కల్లం నడుమ యాసంగి వడ్ల రాశి ఉంది. రాశి అంటే లక్ష్మి, అక్కడికి చెప్పులతో పోరు. అందుకని ఇంద్రజ ఉత్త కాళ్లతోనే బండి నేర్చుకుంది. అత్త అచ్చమ్మ అరుగు మీద కూర్చుని మొదటి రోజే చెప్పింది: "తిరుగుతె తిరుగు గని, రాశిని కుడిసేతికి ఏసుకొని తిరుగు. ఎడమకు తిరిగేది పీనుగు సుట్టు."

సరే అత్తమ్మా అంది. ఆ తర్వాత అది ఒకరు పెట్టిన షరతు అన్న సంగతే మరిచిపోయింది. జూన్‌లో లారీ వచ్చి ధాన్యం పోయింది. కల్లం ఖాళీ అయింది. రాశి లేనప్పుడు కూడా, అది ఉన్న చోటు చుట్టూ, ఇంద్రజ కుడికే తిరిగింది. అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు వానాకాలం వడ్లు వచ్చి కల్లం మళ్లీ నిండింది. రోడ్డు మీదికి పోదామంటే లారీలు. పెరట్లో బర్రెకూ నీళ్ల డ్రమ్ముకూ మధ్య బండి తిరగదు. ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ అడిగింది.

"అత్తమ్మా, ఎడమకు తిప్పుడు నేర్వాలె. పరీక్షల అదే పోయింది."

"నీ పరీక్షకు నా రాశే దొరికిందా? ఇంక తూకం గాలే. తేమ ఉన్నదని కొనుగోలు సెంటరోళ్లు ఆపిండ్రు. పైన మబ్బు సూడు. గిప్పుడు నువ్వు ఎదురు తిరుగు, ఇగ అంతా ఖతం."

గోపాల్ ఫోన్ నుంచి తల ఎత్తలేదు. "అమ్మ మాట వినరాదు? సంక్రాంతి అయినంక మళ్ల అప్లై జేద్దాం."

"ల్యాబ్‌ల అప్పటిదాంక ఆగరు."

"ఆగకుంటె ఇంకోటి దొరుకుతది. ఏడికి వోతయి నౌకర్లు?"

పెళ్లయిన కొత్తలో కూడా అతను ఇదే మాట అన్నాడు. ఇంద్రజ చాటలో రాళ్లు ఏరింది. ఎడమకు తిరగడం తప్పని ఆమె నమ్ముతుందా అంటే నమ్మదు. కానీ తిరిగిన మర్నాడు వాన పడితే, వడ్లు మొలకెత్తితే, ఆ వాన ఆమె వల్లే వచ్చినట్టు అవుతుంది. చచ్చేదాకా ఆ మాట ఈ ఇంట్లో ఉంటుంది.

మంగళవారం కుడికి తిరిగింది. బుధవారం కుడికి తిరిగింది. గురువారం బండి తియ్యలేదు. వాకిలి ఊడుస్తూ చీపురు పట్టుకుని ఎడమకు ఒరిగి చూసింది. శుక్రవారం రోజంతా మబ్బు పట్టింది, వాన పడలేదు.

శనివారం, ఎనిమిదో తారీఖు, పొద్దున ఆరు గంటల ఏడు నిమిషాలకు ఇంద్రజ అత్తకు టీ గ్లాసు అందించి, చెప్పులు విడిచి, బండి తీసింది. రాశి దగ్గర ఆగింది. హ్యాండిల్ ఎడమకు తిప్పింది.

"ఏయ్, ఎటు దిరుగుతున్నవే? గోపాల్! వచ్చి సూడురా!"

గోపాల్ లోపలినుంచి ఏమో అన్నాడు. బండి చప్పుడులో అది వినిపించలేదు.

ఎడమకు ఒక చుట్టు అయింది. రెండో చుట్టులో, వడ్ల కింద పరిచిన పట్టా అంచు దగ్గర, ఇంద్రజ కాలు కింద పెట్టింది. బండి ఆగింది. ఇంజన్ ఆపలేదు. అచ్చమ్మ అరుగు దిగి కల్లం అంచుదాకా వచ్చింది. కాళ్లకు చెప్పులు ఉన్నాయి కాబట్టి అక్కడే నిలబడింది.

అప్పుడు టైం ఆరు గంటల పదకొండు నిమిషాలు. ఇంకా పద్నాలుగు నిమిషాలు ఉన్నాయి. ఇంద్రజ కాలు పైకి తీసింది.