చెల్లెలి లాభం

పత్తికొండలో శ్రీవాణికి చీరల అంగడి ఉంది. పొద్దున్నుంచీ చీరలు విప్పడం, మడవడం. కర్నూలులో ఉండే చెల్లెలు శ్రీవిద్య మాత్రం ఇంట్లో కూర్చునే సంపాదిస్తోందని మేనత్త ఇంటి గృహప్రవేశంలో అందరికీ తెలిసింది. చేతులకు కొత్త బంగారు గాజులు. తల్లి రాజ్యలక్ష్మమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, "తెలివంటే దీనిదే" అంది. పక్కనే తింటున్న శ్రీవాణి సగంలోనే విస్తరి మడిచేసింది.

"ఏం వ్యాపారమే అది?" అని చేతులు కడుక్కుంటూ అడిగింది.

"క్రిప్టో అక్కా. వాట్సాప్ గ్రూపులో ఒక సారు ఎప్పుడు కొనల్లో, ఎప్పుడు అమ్మల్లో చెప్తాడు. లాభం తీసే ఈ గాజులు కొన్నా."

"ఆ సారు యాడుంటాడు?"

"బెంగళూరంట. నేను చూడలేదు."

ఇంటికొచ్చినా ఆ గాజులే కళ్లలో మెదిలాయి. భర్తకు చెప్పకుండా గ్రూపులో చేరి, అంగడి రాబడిలోంచి కొంత పెట్టింది. కొద్దిరోజుల్లోనే ఫోన్‌లో అది రెట్టింపయింది. చెల్లెలివాటికన్నా లావు గాజులు కొనాలని డబ్బు వెనక్కి తీయబోయింది. ముందు పన్ను కడితేనే విడుదల చేస్తామని సారు రాశాడు.

"ఉన్నదాంట్లోనే పట్టుకోండి" అని శ్రీవాణి రాసింది.

"కుదరదు. సాయంత్రంలోపల కట్టకపోతే ఖాతా మూసేస్తాం."

ఆ తొందర చూశాకే ఆమెకు అనుమానం వచ్చింది. పెద్ద మొత్తం ఎవరి చేతికైనా వచ్చిందా అని గ్రూపులో అడిగింది. జవాబు రాలేదు. ఆమెనే గ్రూపులోంచి తీసేశారు.

పోయినదానికి ఏడుపు రావాలి. ముందు సంతోషం వచ్చింది. చెల్లెలి లాభమూ ఇంతేనన్నమాట. ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ పక్కన పెట్టింది. దానికీ తెలిసొస్తుందిలే అనుకుంది.

కొన్నాళ్లకు తల్లి ఫోన్ చేసింది. "విద్య గాజులు కుదవబెట్టి ఆ క్రిప్టోలోనే ఇంకా దుడ్లు పెట్టిందంట. ఇప్పుడు ఇంటి స్థలం అమ్ముతాండాది."

శ్రీవాణి కర్నూలు బస్సెక్కింది.

"నీ దుడ్లన్నీ ఒకసారి వెనక్కి తీసి చూడు" అంది చెల్లెలితో.

"నీకు కడుపుమంట. ఆ పొద్దు నీ మొగం నేను చూడలేదనుకున్యావా?"

"మంటే. కాదనను. అయినా తీసి చూడు."

శ్రీవిద్య తీయబోయింది. అదే పన్ను, అదే గడువు.

"మొదట్లో ఇచ్చినారే" అని గొణిగింది.

"నమ్మాలనే ఇచ్చినారు."

స్థలం బేరం ఆపేశారు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదిచ్చారు. డబ్బు తిరిగొచ్చేది కష్టమేనని అక్కడ చెప్పారు.

బయటికొచ్చాక శ్రీవిద్య అడిగింది. "నీకెప్పుడు తెలిసింది అక్కా?"

శ్రీవాణి దాచలేదు. "నువ్వు గాజులు కుదవబెట్టకముందే."

శ్రీవిద్య ఆటో ఎక్కింది. అక్కకోసం పక్కకు జరగలేదు. పోనిమ్మని డ్రైవరుకు చెప్పింది.