మనోరమ గారి ముందుగది

మనోరమ గారు నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లి సందులో వాళ్లది మామగారు కట్టించిన ఒక్క అంతస్తు ఇల్లు. అత్తగారు పోయాక వీధివైపు గది ఖాళీ అయింది. కిరాయికి ఇద్దామని భర్త ప్రహ్లాద్ గారు అంటుండగానే ఆ గదికి వేరే దారి దొరికింది.

ఒక మధ్యాహ్నం ఆమె కూరగాయలు తెచ్చుకుంటూ, లైబ్రరీ ప్రహరీ వారన ఒక అమ్మాయి చున్నీ తలమీద కప్పుకొని చదువుకోవడం చూశారు. లోపల చోటు దొరకలేదట. డబ్బు కట్టి కూర్చునే రీడింగ్ రూములు అశోక్‌నగర్‌లో ఎన్ని లేవు? కానీ హాస్టలుకు కట్టాక ఆ అమ్మాయి చేతిలో మిగిలేది తక్కువ. పేరు శ్రీదివ్య, సూర్యాపేట నుంచి వచ్చి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది.

"మా ఇంట్ల ఒక గది ఉత్తగనే ఉన్నది. వచ్చి చదువుకో బిడ్డా" అన్నారు మనోరమ గారు.

శ్రీదివ్య వచ్చింది. తర్వాత తన రూమ్మేటును తెచ్చింది. ఆ రూమ్మేటు ఇంకొకరిని తెచ్చింది. ఏడాది తిరిగేసరికి పొద్దున్నే గేటు ముందు చెప్పులు వరుసకట్టేవి. పాత డైనింగ్ టేబులు, బడివాళ్లు పారేయబోతుంటే అడిగి తెచ్చిన రెండు బెంచీలు, ఒక ట్యూబులైటు. అంతే సరంజామా. ఫీజు మాట ఎవరైనా ఎత్తితే ఆమె, "ఫ్యాన్ బందు చేసి పో, అదే ఫీజు" అనేవారు.

ఆ చెప్పులే కొత్తగా వచ్చిన టాక్స్ ఇన్‌స్పెక్టర్ కంట పడ్డాయి. అతని పేరు ఉమాకాంత్. బయటి నుంచే ఫోటో తీసుకొని వెళ్లాడు. కొన్నాళ్లకు మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ముందుగది స్టడీ హాలు కింద కమర్షియల్‌గా మారింది, ఇంటిపన్ను మూడింతలైంది.

మనోరమ గారు ఆఫీసుకు వెళ్లారు. ఉమాకాంత్ చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి, సలహా కూడా ఇచ్చాడు.

"మేడం, ఎందుకు పరేషాన్ అయితరు? ఆ రూం ఒక నెల బందు పెట్టుండ్రి. నేనొచ్చి చూసి, ఖాళీగున్నదని రాస్త. మళ్ల పాత పన్నే వస్తది."

"తర్వాత పిల్లలను రానియ్యొచ్చా?"

"తర్వాత సంగతి తర్వాత చూస్కుందాం."

"అంటే మీరు చూడనంతవరకే అది నా ఇల్లు. చూస్తే దుకాణం" అని ఆమె లేచారు. "బందు పెడితే నేను దుకాణం నడిపినట్టు ఒప్పుకున్నట్టే. నేను పిటిషన్ పెడత."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ప్రహ్లాద్ గారు భోజనం మధ్యలో ఆగిపోయారు. ఆయన కరెంటు ఆఫీసులో ముప్పైయేళ్లు ఎవరి జోలికీ పోకుండా పనిచేసిన మనిషి.

"పిటిషన్ పెడితే కొలవనీకి వస్తరు. వెనక వరండా చూస్తరు" అన్నారు గొంతు తగ్గించి.

వెనక వరండాకు గోడ పెట్టించి గది చేసుకొని చాలా ఏళ్లైంది. అది మున్సిపాలిటీ లెక్కలోకి ఎక్కలేదు.

"చూస్తే చూడనీయుండ్రి."

"అట్లెట్ల అంటవ్? ఆ సారు చెప్పినట్టు ఒక నెల బందు పెడితే పోయేదానికి, ఉన్నది మొత్తం తవ్వుకుంటమా?"

ఆమె కంచం ముందు నుంచి లేచి, పిటిషన్ రాయడానికి కూర్చున్నారు.

ఈ మాటలు గోడ అవతల ముందుగదిలో ఉన్న పిల్లలకు వినిపించాయి కాబోలు. మర్నాడు గేటు ముందు ఒక్క చెప్పుల జత లేదు. ఆ మర్నాడూ లేదు. ఖాళీ బెంచీలు చూసి ప్రహ్లాద్ గారు, "చూసినవా, దేవుడే దారి చూపిండు" అన్నారు. మనోరమ గారు చీర మార్చుకొని, ఆటో ఎక్కి అశోక్‌నగర్‌లో శ్రీదివ్య ఉండే హాస్టలుకు వెళ్లారు.

మంచాల మధ్య నడవడానికి చోటులేని గది అది. శ్రీదివ్య మంచం మీద కాళ్లు ముడుచుకొని చదువుతోంది. టీచరుగారిని చూసి గబుక్కున లేచింది.

"మా వల్ల మీకు లొల్లి ఎందుకు మేడం? పరీక్ష అయ్యేదాంక ఎట్లనో అట్ల చదువుకుంటం."

"నేనన్ననా పొమ్మని?"

"అనలే. కానీ అంకుల్ బాధపడుతుండ్రు."

"అంకుల్ సంగతి నేను చూస్కుంట. మీరు రాకుంటే ఆ గది నిజంగనే ఖాళీ అయితది. నేనక్కడ పోయి ఏ గది కోసం కొట్లాడాలె? రేపు పొద్దున అందరు రావాలె. నోటు పుస్తకాలు సర్దుకో."

మర్నాడు వాళ్లు వచ్చారు. కొంచెం బెరుగ్గా, చెప్పులు గేటు లోపల విడిచి. ఆమె వెళ్లి వాటిని ఒక్కొక్కటే కాలితో బయటికి జరిపి, ఎప్పుడూ ఉండే చోటే పెట్టారు.

విచారణకు పిలుపు వచ్చింది. డిప్యూటీ కమిషనర్ కోస్తా వైపు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"ఫీజు తీసుకోకుండా ఇంతమందిని ఎవరు కూర్చోనిస్తారమ్మా? నమ్మడం కష్టం కదా."

"నేను కూర్చోనిస్తున్న సార్. మీరు నమ్మకపోతే ఆ పిల్లలనే అడుగుండ్రి."

"అంతమంది రోజూ వస్తుంటే అది ఇంటి వాడకం ఎలా అవుతుంది?"

"శ్రావణమాసం పేరంటానికి మా ఇంటికి యాభైమంది వస్తరు. అప్పుడు ఫంక్షన్ హాలని రాస్తరా?"

పక్కనున్న గుమాస్తా నవ్వు దాచుకున్నాడు. డిప్యూటీ కమిషనర్ నవ్వలేదు. "పేరంటం రోజూ ఉండదమ్మా" అన్నాడు. తర్వాత కాసేపు కాగితాలు తిప్పి, ఇంటిని మళ్లీ పరిశీలించి రిపోర్టు ఇమ్మని ఉమాకాంత్‌కు చెప్పాడు.

ఉమాకాంత్ టేపు పట్టుకొని వచ్చిన రోజు గది నిండా పిల్లలున్నారు. లేవబోతే, "మీరు చదువుకోండ్రమ్మా" అన్నారు మనోరమ గారు. అతను ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాడు. అందరూ ఒకటే చెప్పారు, ఫ్యాను సంగతితో సహా. అతను రాసుకొని, హాలు, వంటిల్లు కొలిచి, వెనక తలుపు దాకా వచ్చి ఆగాడు. ప్రహ్లాద్ గారు ఆ తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నారు.

ఉమాకాంత్‌కు అర్థమైంది. "అటు నేను చూడలేదనుకుంట మేడం" అన్నాడు మెల్లగా.

ప్రహ్లాద్ గారు ఊపిరి వదిలారు. మనోరమ గారు భర్త చెయ్యి పట్టుకొని పక్కకు తీసి, తలుపు తెరిచారు.

"వద్దు. ఇయ్యాల మీరు చూడకుంటే, రేపు మీరేమన్నా నేను తలకాయ వంచాలె. కొలవుండ్రి. ఇది మేం కట్టుకున్నదే."

అతను ఆమెను ఒకసారి చూసి, టేపు కొస ప్రహ్లాద్ గారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని గోడకు ఆనించి పట్టుకున్నారు.

ఉత్తర్వు రావడానికి చాలా రోజులు పట్టింది. ముందుగది ఇంటి వాడకమేనని తేల్చారు. వెనక గదిని లెక్కలో కలిపి, జరిమానా వేసి, పన్ను కొంత పెంచారు. పాతదానికన్నా ఎక్కువే, నోటీసులో వేసినదానికన్నా బాగా తక్కువ.

ప్రహ్లాద్ గారు రెండుసార్లు చదివారు. "గెలిచినమా, ఓడినమా?"

"కట్టాల్సింది కడుతున్నం" అన్నారు మనోరమ గారు. ఆయన ఉత్తర్వు మడిచిపెట్టి, "ఆ తలుపు దగ్గర నిలబడుడు నాకు సిగ్గనిపించింది" అన్నారు. తర్వాత తనే వెళ్లి డబ్బు కట్టి, వచ్చేటప్పుడు ముందుగదికి రెండో ట్యూబులైటు తెచ్చారు.

ఆ వారంలోనే వెనక సందులో ఉండే ఆదిలక్ష్మి గారు ఒక నోటీసు పట్టుకొని వచ్చారు. ఇంట్లో వీణ నేర్పుతారు ఆవిడ.

"మీరు వాళ్లను ఎదిరించారటగా మనోరమ గారూ. మా ఇంటిమీదా ఇలాగే వేశారండీ. నాలుగు గదులకూ కమర్షియల్ రాసేశారు."

మనోరమ గారు నోటీసు అందుకొని, కుర్చీ జరిపారు. "కూసోండ్రి. ముందు ఒకటి చెప్పుండ్రి. మీరు ఫీజు తీసుకుంటరా?"

ఆదిలక్ష్మి గారు తడబడ్డారు. "తీసుకుంటానండీ."

"ఎన్ని గదుల్ల నేర్పుతరు?"

"ఒక్కదాంట్లోనే."

"అయితే ఆ ఒక్కదానికి కట్టుండ్రి" అన్నారు మనోరమ గారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "మిగిలిన మూడిటి కోసం కొట్లాడుదాం."