నేత్ర గది కిటికీలు

తల్లి వీణ కంచాల్లో సంగటి ముద్దలు వేసేటప్పటికే ఆ తగవు చాలా దూరం నడిచింది. ఒకే ఇంటి ఆడపిల్లలిద్దరూ కాలేజీలో ఒకే పదవికి పేర్లిచ్చారు. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలని వీణ పట్టు. పెద్దది రక్షితకు ఇది ఆఖరి సంవత్సరం కాబట్టి చిన్నది నేత్రే తగ్గాలంటుంది. ముందు పేరిచ్చింది నేత్ర కదా అని తండ్రి తిమ్మరాయప్ప పులుసులో ముద్ద అద్దుకుంటూ గొణిగాడు.

ఇంతకూ ఆ పదవేమిటో అవ్వ పుట్టమ్మకు తెలియలేదు. నేత్ర ఓపిగ్గా చెప్పింది. కాలేజీలో పదకొండు సంఘాలున్నాయి. నాటకాలాడేవాళ్ళు, జానపదం పాడేవాళ్ళు, మొక్కలు నాటేవాళ్ళు. వాళ్ళకు హాలు కావాలన్నా, ప్రిన్సిపాల్ సంతకం కావాలన్నా తిరిగి పనులు చేయించే కార్యదర్శి పదవి అది.

"అంటే అందురికీ చాకిరీ," అంది అవ్వ. "దానికి ఇద్దురూ కొట్లాడుకుంటాండారా? మీ ఓట్ల చునావణ మీది. బేస్తవారానికి ఎవురి గదిలో పురుగు పండితే వాళ్ళు ఇల్లు కదిలేది లేదు."

చింతామణి చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో అది మామూలే. పురుగు ఆకు తినడం మానేసి, పసుపు తిరిగి, తల ఎత్తిందంటే పండినట్టు. వెంటనే ఏరి, గూడు అల్లుకునే చంద్రిక తట్టల మీద వేయకపోతే ఆకుల్లోనే గూడు కట్టుకుని పాడవుతుంది. ఈ ఇంట్లో పురుగుల గదులు రెండు, ఒక్కో గది ఒక్కో పిల్ల బాధ్యత. ఎవరి గది పండితే వాళ్ళు ఇంట్లో ఉండాలి. పోయిన పంటకు రక్షిత తన స్నేహితురాలి పెళ్ళే మానుకుంది. ఈసారి రెండు గదులూ శనివారానికి గానీ పండవు. ఓట్లేమో అవ్వ చెప్పిన ఆ గురువారమే. ఆ రోజు పదకొండు సంఘాల ముందు నిలబడి మాట్లాడని అభ్యర్థికి ఒక్క ఓటూ రాదు.

రక్షిత ముద్ద మింగుతూ చెల్లెలివైపు చూసింది. నేత్ర పేరిచ్చిందని తెలిసిన మర్నాడే తనూ ఇచ్చింది. అంతకుముందు ఆ పదవి ఒకటుందని కూడా ఆమె ఎన్నడూ తలచుకోలేదు. రెండేళ్ళు ఆ కాలేజీలో తను తనే. నేత్ర చేరిన ఆరు నెలలకల్లా బస్సులో ముక్కూ మొహం తెలియని పిల్లలు "నువ్వు నేత్ర వాళ్ళక్కవి కదా" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్న ప్రతిసారీ గొంతులో నిప్పుకణిక దిగినట్టుండేది. నేత్ర గెలిస్తే ఇక బతుకంతా ఆ పిలుపే.

ఆ రోజు సోమవారం. అందరూ పడుకున్నాక రక్షిత నేత్ర గది కిటికీలు మూసి, గోనెపట్టాలు దించింది. గది వెచ్చబడితే పురుగు రెండు రోజులు ముందే పండుతుంది. తెల్లవారకముందే లేచి తెరిచింది. మంగళవారమూ అంతే. బుధవారం కూడా మూసింది కానీ, గురువారం మెలకువ రాలేదు.

లేచేసరికి ఇంటిల్లిపాదీ ఆ గదిలో ఉన్నారు. తట్టల నిండా పసుపు తిరిగిన పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి. ఒక మూల గాలాడక కొన్ని మెత్తబడి నల్లబారాయి.

"కిటికీలు యాల మూసినావమ్మా?" తిమ్మరాయప్ప నేత్రను అడిగాడు.

నేత్ర తెల్లబోయింది. "మూయలేదప్పా... ఏమో, ఓట్ల ధ్యాసలో పడి మూసి మరిసినానేమో."

ఓట్లు తలకెక్కితే అంతేనని అవ్వ సణిగింది. నేత్ర చీర చెంగు నడుముకు దోపి తట్ట ముందు కూర్చుంది. రక్షిత స్నానం చేసి, కొత్త చుడీదారు తొడుక్కుని గడప దగ్గరికి వచ్చేదాకా తల ఎత్తలేదు.

"అక్కా, హాలు తాళం కాపలా బైరప్ప దగ్గర ఉంటాది. పదికి టీకి పోతాడు, ముందే అడుగు. జానపదం పిల్లోళ్ళు సైకిల్ స్టాండులో పాడుకుంటాండారు. సాయంత్రం ఒక గంట హాలు ఇప్పిస్తానని చెప్పినా. నువ్వు గెలిస్తే అది మరవద్దు."

సైకిల్ స్టాండులో పాట రక్షిత రెండేళ్ళుగా వింటోంది. పాడేదెవరని ఎన్నడూ అడగలేదు. నాలుగు రోజులుగా బట్టీపట్టిన తన ఉపన్యాసంలో ఒక్క సంఘం పేరూ లేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఓడిపోతూ కూడా నేత్ర తనకంటే ముందే ఉంది. కణిక ఇంకా లోతుకు దిగింది. తను గెలిచి ఆ హాల్లో నిలబడినా అందరూ నేత్ర ఏదని అడుగుతారు. ఆ నల్లబారిన పురుగుల పాపమూ నేత్ర నెత్తినే ఉంటుంది.

రక్షిత సంచి గూట్లో పెట్టింది. నోటు పుస్తకంలో ఒక కాగితం చించి రెండు ముక్కలు రాసి, మడిచి, చెల్లెలి పక్కన పెట్టింది. చున్నీ నడుముకు చుట్టి తట్ట ముందు చతికిలబడింది. మొదటి పండు పురుగును ఏరి చంద్రిక మీద వేశాక, ఎవరి ముఖమూ చూడకుండా, నెమ్మదిగానే అయినా అందరికీ వినబడేలా చెప్పింది.

"కిటికీలు మూసింది నేను. మూడు దినాలుగా మూస్తాండా. ఈ గది పండు నేను ఏరతా. నేత్ర బస్సుకు పోతాది. నా పేరు తీసెయ్యమని ఆ చీటీలో రాసినాను, నేత్రే కాలేజీలో ఇస్తాది."