పిండి కలపని మసాలా

మసాలా ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా కలిపే డ్రమ్ము దగ్గర నిలబడ్డ మనిషికి తినేవాళ్ళ మీద గౌరవం మిగలడం కష్టం. డ్రమ్మక్కకు బొత్తిగా మిగల్లేదు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఫ్యాక్టరీలోనూ వీధిలోనూ ఆమె డ్రమ్మక్కే. టాకో మసాలా ప్యాకెట్టు మీద నిగనిగలాడే మిరపకాయలు, పచ్చటి ఆకులు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే ఒక కుటుంబం ఉంటాయి. లోపల ఏముంటుందో డ్రమ్మక్కకు తెలుసు. ముందు మూడు బస్తాల మొక్కజొన్న పిండి, ఆ పైన రెండు బస్తాల ఉప్పు, ఒక బస్తా పంచదార, ఒక బస్తా మిరపపొడి. అన్నీ అయ్యాక, పోనీలే పాపం అన్నట్టు, ఒక్క డబ్బా జీలకర్ర పొడి.

"ఆ జీలకర్ర పరామర్శకి వచ్చి పోతుందంతే," అనేది ఆమె. ఈ పిండిని మాంసంలో కలుపుకుని లొట్టలు వేసుకుంటూ తినేవాళ్ళను చూస్తే ఆమెకు జాలి కూడా వేసేది కాదు. గడ్డి పెట్టినా వేళ్ళు నాక్కునే రకం అని తేల్చేసింది.

ఆ రకాన్ని నమ్ముకునే ఆమె చెల్లెలూ మరిదీ బస్సు డిపో ముందు టాకోల కొట్టు పెట్టారు. మొక్కజొన్న రొట్టె మడిచి, అందులో మసాలా వేసి ఉడికించిన ఖీమా, పైన తరిగిన ఉల్లిపాయ, టమాటా. మసాలా ప్యాకెట్లదే. రెండేళ్ళు కొట్టు బాగానే నడిచింది. నెల కిందట రోడ్డుకు అటువైపు ఇంకో కొట్టు వెలిసింది. 'మా మసాలా ఇంట్లో చేసిందే' అని బారెడు బోర్డు పెట్టారు. డిపోలోని కండక్టర్లు, డ్రైవర్లు, టికెట్ కౌంటరు వాళ్ళు మూకుమ్మడిగా రోడ్డు దాటేశారు. ఇటువైపు ఈగలు తోలుకోవడమే మిగిలింది. ఇంకో వారం ఇలాగే గడిస్తే కొట్టు ఎత్తేసి, మరిది తన పాత ఉద్యోగానికి పోవాల్సిందే. నెలకు పాతిక రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం అది. చెల్లెలికి అయిదో నెల. ఆయన వెళ్ళిపోతాడేమోనన్న బెంగతో ఆమెకు తిండి సయించడం లేదు.

డ్రమ్మక్క ఎదురు కొట్టుకు వెళ్ళి ఒక టాకో కొని కొరికింది. ఒక్క కొరుకు చాలింది. నాలుక మీద జారే పిండి, వెనకాలే వచ్చే తీపి, ఎక్కడా కనపడని జీలకర్ర. అచ్చంగా తను కలిపిందే. తలుపు సందులోంచి తొంగిచూస్తే లోపల తమ ఫ్యాక్టరీ బస్తా నిక్షేపంలా కూర్చుని ఉంది.

"ఇంట్లో చేసిందట! ఏ ఇంట్లో? నా డ్రమ్ములో!" అంటూ చెల్లెలి వంటింట్లోకి సుడిగాలిలా వచ్చిపడింది. "జనం చెవిలో పువ్వులు పెట్టుకుని తిరుగుతున్నారే. అసలు మసాలా ఎలా ఉంటుందో నేను చూపిస్తాను. ఒక్కసారి తిన్నారంటే వాడి గుమ్మం తొక్కరు."

ఆ రోజు ఆమెకు సెలవు. మరిది అప్పటికే ఫోను చేతిలో పట్టుకుని చెంచాలు వరసగా పేర్చుకున్నాడు.

"వదినా, ఇందులో ఒకటింపావు చెంచా జీలకర్ర పొడి అని ఉంది. ఆ పావు ఎలా కొలవాలి?"

"నీ బుర్రతో కొలువు, సరిగ్గా సరిపోతుంది," అంది డ్రమ్మక్క. మరిది ఫోను జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గరికి జరిగాడు.

అలమరలోని సీసాలు ఒక్కొక్కటే దించి మూత తీసి వాసన చూసింది. ధనియాలు చూసి ముక్కు విరిచింది. "ఇవి మీ పెళ్ళినాటివా? ఇంకా ఎందుకు దాచారు, గుర్తుగానా?" మిరియాలు ఫరవాలేదంది. రంగు కోసం కొన్న కారం లేని మిరపపొడి గోధుమరంగుకు తిరిగిపోయింది. దాన్ని తిన్నగా చెత్తబుట్టలోకి వంచేసింది. పిజ్జాతో ఊరికే ఇచ్చిన ఓరెగానో పొట్లాలు మరిది సొరుగు నిండా పోగేశాడు. "మొత్తానికి నీవల్ల కూడా ఒక ఉపయోగం ఉందోయ్," అని అవి మాత్రం తీసుకుంది.

కావలసినవి మరిది చేత తాజాగా తెప్పించింది. జీలకర్ర సన్నని మంట మీద చిటపటలాడేదాకా వేయించింది. ధనియాలు, మిరియాలు, ఎండుమిరపకాయలు విడివిడిగా వేయించి, చల్లారాక పొడి కొట్టి, జల్లెడ పట్టింది. వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, నలిపిన ఓరెగానో కలిపింది. ఉప్పు చిటికెడంటే చిటికెడు. పంచదార లేదు. పిండి మాట ఎత్తబోయిన చెల్లెలిని ఒక్క చూపు చూసేసరికి, ఆ పిల్ల నోరు మూసుకుంది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. పదకొండేళ్ళలో మొదటిసారి తను కలిపినదాన్ని చూసి డ్రమ్మక్కకు గర్వం కలిగింది.

మర్నాడు ఆమె పనికి సెలవు పెట్టి మరీ కొట్టులో నిలబడింది. 'ఈ రోజు నుంచి మసాలా మా ఇంట్లోదే' అని మరిది అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. పాత మొహమాటం కొద్దీ పదిమంది కండక్టర్లు వచ్చారు. పొయ్యి మీద ఖీమా వాసనకు ఇంకో నలుగురు ఆగారు.

మొదటి కొరుకులోనే గొడవ మొదలైంది. పట్టి ఉంచే పిండి లేక ఖీమాలోని నీరు రొట్టె చివర నుంచి మోచేతిదాకా కారింది. ఒకాయన యూనిఫాం చొక్కా మీద ఎర్రటి చార పడింది.

"ఏంటమ్మా ఇది, నీళ్ళు నీళ్ళుగా?"

"ఏదో కషాయం వాసనొస్తోంది."

"ఉప్పు మర్చిపోయారా?"

సగం తిన్న ప్లేట్లు తిరిగొచ్చాయి. చొక్కా పాడైనాయన రోడ్డు దాటి ఎదురు కొట్టులో నిలబడి రెండు తిన్నాడు, వీళ్ళు చూస్తుండగానే.

డ్రమ్మక్క కొట్టు వెనక్కి వచ్చి అంట్ల తొట్టి దగ్గర విరుచుకుపడింది. "వీళ్ళవి నాలుకలా, చెప్పులా? చచ్చిన నాలుకలు! జీలకర్ర ఎదురుపడితే కషాయమంటారా? వీళ్ళకి పిండి తప్ప ఇంకేం తెలుసు?"

చెల్లెలు చేతిలోని ప్లేటు కడగకుండానే కింద పెట్టింది. అక్క మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల.

"వాళ్ళకి పిండి అలవాటు చేసిందెవరక్కా? పదకొండేళ్ళ నుంచి ఈ ఊరంతా నీ చేతి మసాలాయే తింటోంది. చిన్నపిల్లలప్పుడు మొదలుపెట్టినవాళ్ళు ఇప్పుడు బస్సులు నడుపుతున్నారు. వాళ్ళకి టాకో అంటే అదే. వాళ్ళని తిడితే ఏం లాభం?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆయన వెళ్ళిపోతే నేనొక్కదాన్నే ఎలా ఉండను? నీకు నీ జీలకర్రే గొప్పయిపోయింది."

తినేవాళ్ళను తిట్టడానికి డ్రమ్మక్క దగ్గర ఎప్పుడూ మాటలకు కరువు లేదు. కలిపేవాళ్ళను తిట్టాలని ఎన్నడూ తోచలేదు.

ముక్కు చీదుకుని, "మొక్కజొన్న పిండి డబ్బా ఇటు ఇవ్వవోయ్," అని మరిదిని పిలిచింది.

మసాలాలో పిండి గుమ్మరించింది. ఉప్పు గుప్పెళ్ళతో వేసింది, పంచదార వేసింది. కొలత చూడలేదు, చేతికి తెలుసు. ఎర్రటి పొడి పాలిపోయి, అచ్చు ప్యాకెట్టు రంగుకు వచ్చాక ఆపింది. దానితో ఉడికిన ఖీమా చిక్కగా, మెరుస్తూ రొట్టెకు అతుక్కుపోయింది.

మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు ఖాళీ ప్లేట్లు తిరిగిచ్చారు. చొక్కా మార్చుకొచ్చిన కండక్టరు కూడా ఒకటి తిని, బల్ల మీద చరిచాడు. "ఇదీ! ఇంట్లో చేసిందంటే ఇలా ఉండాలి. ఎదురువాడిది దీని ముందు దిగదుడుపు!"

'నీ మొహం,' అనుకుంది డ్రమ్మక్క. వరస రోడ్డు దాకా పెరిగింది. మరిది పాట పాడుకుంటూ రొట్టెలు కాలుస్తున్నాడు. చెల్లెలు నెల రోజుల తర్వాత నవ్వింది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు," అంటూ అక్క చేతిలో ఒక ప్లేటు పెట్టింది.

ఉమ్మేద్దామనే కొరికింది డ్రమ్మక్క. మెత్తగా, ఉప్పగా, చివర్న కాస్త తియ్యగా ఉంది. కొత్తగా వేయించిన జీలకర్ర ఎక్కడో అడుగున ఉండే ఉంటుంది. దాన్ని వెతుకుతూ ఇంకో కొరుకు కొరికింది, ఆపైన ఇంకోటి. జీలకర్ర దొరకలేదు. టాకో అయిపోయింది. బాగుంది. ఉదయం తను గర్వంగా చేసినదాని కన్నా బాగుంది. ఆ సంగతి తెలిసేసరికి సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"ఇంకోటి పెట్టనా అక్కా?"

డ్రమ్మక్క తలెత్తకుండా ప్లేటు ముందుకు జరిపింది.